తడిగోనెలో ఐదో నంబరు పెట్టె

నేను కామారెడ్డి వెళ్లొచ్చానంటే మా తణుకులో అందరూ మొదట అడిగిన మాట ఒకటే: "అక్కడ మనవాళ్లెవరున్నారు?" ఎవరూ లేరంటే, "మరి మొక్కేమైనా ఉందా?" అన్నారు. మొక్కూ లేదు, ఆటోలకు పెట్టెలు కట్టడానికి వెళ్లానని చెప్పాను. మా పెద్దమ్మ నా మొహంలోకి చూసి, "ఇన్నేళ్లు చదివింది ఇందుకా" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ వైపు వెళ్లని వాళ్లకు చెప్పాలన్న ఉబలాటం ఉన్నమాట నిజమే కానీ, సగం పైగా పెద్దమ్మకు జవాబుగానే ఇది రాస్తున్నాను.

పెట్టెల సంగతి

పెట్టె అంటే సబ్బుపెట్టెంత ఉంటుంది. దానికి సిమ్ ఉండదు, టవర్‌తో పని లేదు. ఒక పెట్టె దగ్గరికి ఇంకో పెట్టె వస్తే రెండూ వాటంతటవే పలకరించుకుంటాయి. నువ్వెటు వెళ్తున్నావు, నేనెటు వెళ్తున్నాను అని అడిగి తెలుసుకుంటాయి. తన దగ్గరున్న కబురు అవతలి పెట్టె చేతిలో పెడితే త్వరగా చేరుతుందనిపిస్తే ఇచ్చేస్తుంది. ఇచ్చేశాక తన దగ్గర ఉంచుకోదు. వీటి మీద పెత్తనం చేసే పెద్ద పెట్టె ఎక్కడా లేదు. ఫోన్ సిగ్నల్ అందని అడవి రోడ్డు మీద ఏ బండైనా బోల్తా పడితే, ఆ దారిన పోయే బండ్లే ఒకదానికొకటి చెప్పుకుని కబురు ఊరికి చేర్చాలన్నది మా ఆశ. ఆరేళ్లుగా హైదరాబాద్‌లో ఒక కాలేజీలో నేను చేస్తున్న పరిశోధన ఇదే.

కంప్యూటర్ తెర మీద అయితే నా పెట్టెలు అద్భుతంగా పనిచేశాయి. తెర మీద కదిలే చుక్కల్ని చూసి మురిసిపోయి ఇంకో ఏడాది గడువు కావాలని అడిగాను. డబ్బిచ్చే శాఖవాళ్లు చుక్కలు చాలవు, రోడ్డు మీద చూపించమన్నారు. నేను కామారెడ్డి వెళ్లిన నాలుగో రోజు వాళ్ల మనిషి వస్తాడు. కామారెడ్డిలో పెట్టెలో వేసిన మాట సాయంత్రం నాలుగు లోపు ఎల్లారెడ్డిలో తేలాలి. తేలితే ఏడాది గడువు, థీసిస్ పూర్తి. తేలకపోతే పెట్టెలు స్టోర్‌రూముకి, నేను తణుక్కి. మా అన్నయ్య అక్కడ ఒక ఇంటర్ కాలేజీలో నాకు ఫిజిక్స్ చెప్పే ఉద్యోగం ముందే మాట్లాడి పెట్టాడు. సోమవారం నుంచి రమ్మంటున్నారట. ఆ సోమవారం అనే మాట ప్రయాణం పొడుగునా నా వెంటే వచ్చింది.

కామారెడ్డి: నంబరు వచ్చేదాకా

రైలు దిగి ఏడు పెట్టెలున్న సంచీతో ఆటోల అడ్డాకి వెళ్లాను. మా వైపు ఆటోవాళ్లని బాబాయ్ అంటాం. ఇక్కడ ఒకాయన్ని అలాగే పిలిస్తే నేనెవరి తరఫు చుట్టాన్నో అన్నట్టు చూశాడు. పక్కనున్న పెద్దమనిషి నవ్వి, "అన్నా అనుండ్రి మేడం, లేకుంటే భాయ్ అనుండ్రి" అని దారి చూపించాడు. ఆయనే ఖాజా భాయ్. కామారెడ్డి నుంచి లింగంపేట దాకా షేర్ ఆటో నడుపుతాడు. గడ్డం సగం నెరిసింది, హారన్ మాత్రం మంచి వయసులో ఉంది.

పెట్టె చూడగానే డ్రైవర్లందరూ మూగారు.

"చలాన్లు రాసే డబ్బానా మేడం?"

"కాదన్నా."

"మేం మాట్లాడేది ఇంటదా?"

"వినదు. వేరే పెట్టెతో మాట్లాడుతుందంతే."

"ఏం మాట్లాడ్తది?"

ఆరేళ్ల పరిశోధనని మూడు ముక్కల్లో చెప్పబోతుంటే ఖాజా భాయ్ అడ్డొచ్చాడు. "అరె, మనం తొవ్వల ఎదురుపడితే లైట్ కొట్టి ముంగట పోలీసోళ్లున్నరని చెప్పుకుంటం కదా. గిది గసోంటిదే." అందరికీ ఒక్క క్షణంలో అర్థమైపోయింది. మా కాలేజీలో ఇదే విషయం చెప్పడానికి నాకు నలభై స్లైడ్లు పట్టాయి.

ఒకటో నంబరు ఖాజా భాయ్ ఆటోకి, రెండు, నాలుగు మరో ఇద్దరి ఆటోలకి కట్టాను. ఆరో నంబరును అడ్డా పక్క చాయ్ హోటల్ బల్ల మీద పెట్టాను, కబురు వేయాల్సింది అందులోనే. తర్వాత చాయ్ తాగాం. ఇక్కడ ముగ్గురుంటే మూడు చాయ్‌లు చెప్పరు. "టూ బై త్రీ" అంటారు, రెండు చాయ్‌లు మూడు గ్లాసుల్లోకి వస్తాయి. మా ఇంట్లో ఎవరి కాఫీ వాళ్లదే, అందులో ఎవరైనా గుక్క తీసుకుంటే రెండ్రోజులు మాటలుండవు.

సాయంత్రం ల్యాప్‌టాప్ తెరిచి చూస్తే మూడు పెట్టెలూ హోటల్ పెట్టెతో రోజంతా కబుర్లు చెప్పుకున్నాయి. నువ్వున్నావా, ఉన్నాను. నువ్వున్నావా, ఉన్నాను. నేను వేసిన పరీక్ష కబురు మాత్రం అడ్డా దాటలేదు. ఎందుకంటే ఆటోలే సరిగా దాటలేదు. నా కంప్యూటర్‌లో ప్రతి బండీ ఎప్పుడూ పరిగెడుతూనే ఉంటుంది. ఇక్కడ ఆటోకి ఒక నంబరుంటుంది. ముందున్న బండి నిండి కదిలితే గానీ వెనక బండిలో మనుషులు ఎక్కరు. నిండటం అంటే నాకు తెలిసిన నిండటం కాదు. డ్రైవరు సీటుకి అటొకరు ఇటొకరు ఒదిగి కూర్చున్నాక, ఇంకొకరు పరిగెత్తుకొస్తుంటే వాళ్ల కోసం ఆగటం.

"ఖాజా భాయ్, రోజుకి ఎన్ని ట్రిప్పులు వేస్తారు?"

"నంబర్ వస్తే మూడు. లేకుంటే రెండు. ఫికర్ చేయకుండ్రి, కదిలిన్నంటే నన్ను పట్టుకునేటోడు లేడు."

ఆ మాట నిజమని మర్నాడు తెలిసింది.

లింగంపేట దారి: ఐదో నంబరు మాయం

ఉదయం ఖాజా భాయ్ ఆటోలోనే బయల్దేరాను. మనిషికి యాభై. నా పక్కన ఒక అవ్వ, అవ్వ ఒళ్లో కాళ్లు కట్టేసిన కోడి. కోడి నా సంచీ మీద మనసు పడింది. ఎన్నిసార్లు తప్పించినా మెడ చాచి వైరును పొడుస్తూనే ఉంది. "గది వాన పామనుకుంటున్నది బిడ్డా, ఏమనుకోకు" అని కోడి తరఫున అవ్వే క్షమాపణ చెప్పింది.

తాడ్వాయి దాటాక ఖాజా భాయ్ చెప్పినంత పనీ చేశాడు. ఎదురొచ్చిన ఆటోని, అందులోని నాలుగో నంబరు పెట్టెని, నేను నిజానికి చూడలేదు, గాలి తగిలింది. రెండు పెట్టెలు ఒకదాన్నొకటి గుర్తుపట్టి మాట మొదలెట్టడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఖాజా భాయ్ వాటికి అంత వ్యవధి ఇవ్వలేదు. దానికితోడు, వేగంగా వెళ్లే బండికే కబురు ఇవ్వాలని నేనే నా లెక్కలో రాసిపెట్టాను. కాబట్టి అడ్డాలోని ప్రతి కబురూ ఎగబడి ఖాజా భాయ్ పెట్టెలోకి చేరుతోంది, చేరాక ఎవరికీ అందకుండా రోడ్డు మీద అటూ ఇటూ పరిగెడుతోంది. ఆరేళ్ల తర్వాత నా తప్పు నాకు ఒక ఆటో వెనక సీట్లో, కోడి పక్కన తెలిసింది. సిగ్గుగా అనిపించింది, దాచను.

లింగంపేట దగ్గరి పల్లెలో ఐదో నంబరు ఉండాలి. అది నర్సిములు అనే ఆయన పాల ఆటోకి కట్టమని ముందురోజే ఖాజా భాయ్ చేత పంపించాను. నర్సిములు పొద్దున్నే పల్లెపల్లె ఆగి పాలు తీసుకుని ఎల్లారెడ్డిలో పాలకేంద్రానికి చేరుస్తాడు. ల్యాప్‌టాప్‌లో చూస్తే ఐదో నంబరు లేదు. వాళ్ల వాకిట్లో నిలబడి చూసినా లేదు. పాలు దించి తిరిగొచ్చిన ఆటో కళ్లెదుటే ఉంది, దాని మీద పెట్టె లేదు.

అరుగు మీద నర్సిములు భార్య బాలమణి బీడీలు చేస్తోంది. ఒళ్లో చాట, చాటలో తంబాకు, కత్తిరించిన తునికాకు. ఆమె వేళ్లు ఆకు చుడుతున్నాయి, కళ్లు నన్ను చూస్తున్నాయి, నోరు పక్కింటావిడతో మాట్లాడుతోంది. మూడు పనులూ దేనికది సాఫీగా సాగుతున్నాయి.

"పెట్టె ఏదమ్మా?"

"సల్లగ పెట్టిన అక్కా" అని పక్కనున్న తడిగోనె విప్పింది. పైన తునికాకు కట్టలు, వాటి కింద ఐదో నంబరు. "ఎండకు మస్తు కాలింది. ముట్టుకుంటే చెయ్యి సుర్రుమన్నది. ఆకైతే ఎండితే ఇరుగుతది, గందుకే తడిగోనెల పెడ్తం కదా. గిది సుత ఇరుగుతదేమో అని చుట్టిన."

నేను నెత్తి మీద చెయ్యి పెట్టుకుని అరుగు మీద కూలబడ్డాను. తడిబట్ట చుడితే రేడియో తరంగాలు బయటికి రావు. ఈ విషయం మీద మా ల్యాబ్‌లో నెలరోజులు ప్రయోగాలు చేసి ఒక వ్యాసం కూడా రాశాం. బాలమణి ఒక గోనెసంచీతో మా కంటే గట్టిగా నిరూపించింది. అదృష్టం, నీళ్లు లోపలికి పోలేదు.

"ఆటో మీదున్నప్పుడు తడిగుడ్డ చుట్టకూడదు బాలమణీ. చుడితే దానికి మాట బయటికి రాదు."

"అయ్యో, నోరు మూసినట్టయిందా! ఆటో మీదుంటే చుట్టను అక్కా, ఒట్టు." తప్పు చేసినట్టు మొహం పెట్టి, వెంటనే, "తిన్నవా?" అంది.

మొక్కజొన్న రవ్వతో వండిన మక్కగట్క పెట్టింది, మీద పచ్చిపులుసు పోసింది. పచ్చిపులుసు నాకు కొత్త. మొదటి ముద్దకి, చారు కాచడం మర్చిపోయారేమో, చెప్పాలా వద్దా అని ఆలోచించాను. మూడో ముద్దకి ఆ ఆలోచన పోయింది. రెండోసారి పోయించుకున్నాను.

తింటున్నంతసేపూ మనుషులు వస్తూ పోతూ ఉన్నారు. ఒకావిడ కుట్టించిన జాకెట్టు తెచ్చి పాల ఆటోలో పెట్టింది. ఒకాయన షుగర్ మాత్రల చీటీ ఇచ్చాడు. ఇంకొకరు పాడైన మిక్సీ గిన్నె. ఎవరూ పేరు రాయలేదు, చిరునామా చెప్పలేదు. "గది మా ఆడిబిడ్డకు" అంటే చాలు.

"ఇవన్నీ పాల ఆటోలోనే ఎందుకు పంపుతారు? ఖాజా భాయ్ ఆటో ఇంకా తొందరగా పోతుందిగా?" అన్నాను.

బాలమణి వేళ్లు మొదటిసారి ఆగాయి. ఇంత చదువుకుని ఇది తెలియదా అన్నట్టు చూసింది. "జోరుగ పోయేటోనికి ఇస్తే ఎట్ల అక్కా? గాయన ఆగనే ఆగడు. ఊరూరికి ఆగేటోనికి ఇస్తెనే ముట్టుతది."

నేను ముద్ద కిందపెట్టి నోట్‌బుక్ తీశాను. ఎడమచేత్తో రాసిన ఆ వాక్యం నా నోట్‌బుక్‌లో పులుసు మరకతో సహా ఇప్పటికీ ఉంది.

ఎల్లారెడ్డి: ఇజ్జత్ సమస్య

మూడో రోజు ఎల్లారెడ్డి బస్టాండు ఎదుటి హోటల్లో కూర్చుని లెక్క మార్చాను. బండి వేగం చూడొద్దు, ఎంతసేపు ఎదురుగా నిలబడుతుందో చూడు. మార్చింది రెండే లైన్లు. వాటినే మూడుసార్లు సరిచూసుకున్నాను, ఎందుకంటే రేపే పరీక్ష. ఆ హోటల్లో దోసెలోకి పల్లీ చట్నీ ఎంత అడిగితే అంత పోస్తారు. మా ఊళ్లో రెండోసారి చట్నీ అడగాలంటే కొంచెం తెగింపు కావాలి.

కొత్త లెక్కని ప్రతి పెట్టెలోనూ దగ్గరుండి ఎక్కించాలి. కామారెడ్డి వెళ్లి రెండు, నాలుగు, ఆరు పూర్తిచేశాను. తిరిగొస్తూ లింగంపేటలో ఖాజా భాయ్ ఆటోకి, పాల ఆటోకి ఎక్కించాను. అప్పుడే నా తెలివితక్కువతనం కొద్దీ ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పాను. పెట్టెలకి కొత్త లెక్క ప్రకారం ఇచ్చిన వరస అందులో కనబడుతోంది. మొదట పాల ఆటో. అన్నిటికంటే చివర ఒకటో నంబరు.

"గది నా డబ్బానా?"

"అవును భాయ్, అంటే..."

"ఇరవై ఏండ్ల సంది గీ తొవ్వల నడుపుతున్న. పాల డబ్బాలోడు ముంగట, నేను ఎనుకనా?"

"వేగంగా వెళ్తారు కదా, అందుకని..."

"జోరుగ పోతే ఇనాం ఇయ్యాలె గాని సజా ఇస్తరా మేడం? నా ఇజ్జత్ ఏం గావాలె?"

గణితం పరువూ ఇజ్జతూ ఎరగదని చెప్పబోయాను. ఆయన అప్పటికే ఆటో ఎక్కి, మొదటిసారి హారన్ కొట్టకుండా వెళ్లిపోయాడు. నాకు నిజంగా బాధేసింది. ఈ వైపు నాకు మొదట దారి చూపించిన మనిషి ఆయనే.

నాగిరెడ్డిపేట: పెళ్లికి వెళ్లిన మూడో నంబరు

మిగిలింది, ముందురోజు ఎల్లారెడ్డి చేరగానే అక్కడి ఒక ఆటోకి కట్టిన మూడో నంబరు. ఆ డ్రైవరు మేనమామ కూతురి పెళ్లికి నాగిరెడ్డిపేట వెళ్లాడన్నారు. బస్సెక్కి నేనూ వెళ్లాను. పిలవని పెళ్లికి ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్లడం అదే మొదలు.

ఊరేగింపులో ముందు డీజే బండి, దాని వెనక బంతిపూలు కట్టిన ఆటో. నా పెట్టెకి పసుపు రాసి బొట్టు పెట్టారు. "కొత్త మిషన్ కదా మేడం, ఉట్టిగ ఉంటే మంచిగుండదని" అన్నాడు డ్రైవరు. అక్కడే ఊరేగింపు వెంట నడుస్తూ, ఒక చేత్తో ల్యాప్‌టాప్ పట్టుకుని రెండో చేత్తో మీటలు నొక్కుతూ లెక్క ఎక్కించాను. పెళ్లివారు నన్ను వీడియో తీసే మనిషి అనుకుని పక్కకి తిరిగి నవ్వారు. భోజనం చేయకుండా పంపలేదు. తిరుగు బస్సులోంచి పోచారం చెరువు కింద వరిపొలాలు సాయంత్రపు ఎండలో కనబడుతుంటే, ఆ రోజు మొదటిసారి సోమవారం గుర్తు రాలేదు.

నాలుగో రోజు

శాఖ నుంచి వచ్చిన పెద్దమనిషిని అందరూ రివ్యూ సారు అన్నారు, నేనూ అలాగే అంటాను. సన్నగా, ఇస్త్రీ చెదరకుండా ఉన్నాడు. తొమ్మిదింటికి కామారెడ్డి అడ్డాలో ఆరో నంబరు పెట్టెలో తనే ఏదో టైపు చేసి, నాకు కనబడకుండా చేయి అడ్డం పెట్టుకున్నాడు. "ఇది ఎల్లారెడ్డిలో నాకు కనిపించాలి" అని, తీరిగ్గా చాయ్ తాగి కారెక్కాడు. ఆలోపు నంబరు వచ్చిన ఆటో ఒకటి అడ్డా దాటింది. నేను పక్కన కూర్చున్నాను.

తాడ్వాయి దాటాక కారు ముందు ఒక ఆటో చాలా నెమ్మదిగా పోతోంది. కల్వర్టు కనబడితే ఆగుతోంది. బస్సాగే చోట ఆగుతోంది. ఎవరూ లేని చోటా ఆగుతోంది. లోపలి జనం "పోనియ్యి భాయ్, దవాఖాన్ల నంబర్ దొరకది!" అని అరుస్తున్నారు. పక్కనుంచి దాటుతూ చూస్తే ఖాజా భాయ్. నన్ను చూసి తల తిప్పకుండా, కళ్లు రోడ్డు మీదే పెట్టి, ఠీవిగా ఆటో ఆపాడు. ఇజ్జత్ తిరిగి సంపాదించుకోవడానికి ఆయన ఎంచుకున్న దారి అది.

పదకొండింటికి ఎల్లారెడ్డి హోటల్లో ఏడో నంబరు పెట్టె, ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాం. పాల ఆటో పదకొండున్నరకల్లా రావాలి. రాలేదు. పన్నెండయింది. ఒంటిగంటకి భోజనం తెప్పించుకున్నాం. రెండింటికి పాలకేంద్రానికి పరుగెత్తి అడిగితే, నర్సిములు ఇంకా రాలేదన్నారు. ఫోన్ చేద్దామంటే ఆ దారిలో సిగ్నల్ లేదు. సిగ్నల్ ఉంటే నా పరిశోధనే ఉండేది కాదు.

మూడున్నరకి రివ్యూ సారు చేతిగడియారం చూసుకున్నాడు. "మీ కష్టం కనబడుతోందమ్మా. కానీ నేను రాసేది కనబడినదాన్ని బట్టే కదా" అన్నాడు. కోప్పడి ఉంటే బాగుండేది. అన్నయ్య నుంచి ఫోన్ వస్తోంది, తీయలేదు.

నాలుగుకి పది నిమిషాలుందనగా హారన్ వినబడింది. ఆ హారన్ నాకు తెలుసు. ఖాజా భాయ్ ఆటో బస్టాండు ముందు ఆగింది. ఇది ఆయన లైను కాదు. లింగంపేట నుంచి ఇటు వేరే అడ్డావాళ్లది, ఒకరి లైన్లోకి ఒకరు రారు. తెర మీద ఒకటో నంబరు మెరిసింది. లేచి నిలబడ్డాను. దాని పక్కన రాసి ఉంది: చేతిలో కబురేమీ లేదు. కబురును ఎవరికో ఇచ్చేసి ఖాళీగా వచ్చింది. మళ్లీ కూర్చున్నాను.

ఆటోలోంచి బాలమణి దిగింది. పొద్దున చేసిన బీడీలతోనా అనుకున్నాను. కాదు, రెండు చేతుల్లో పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఒక మూట ఉంది. మూటలోంచి నీళ్లు కారుతున్నాయి.

"బాలమణీ!" అని నేను అరిచిన అరుపుకి హోటలంతా తిరిగి చూసింది.

"పాల బండి ఇరుసు ఇరిగింది అక్కా. పొద్దుగాల్నే. గీ డబ్బా నీకు ముట్టాలె కద, ఊడబీకి పట్కొచ్చిన."

"తడిగుడ్డ చుట్టొద్దన్నానా!"

"ఆటో మీద చుట్టొద్దన్నవ్. గిది ఆటో మీద లేదు కద, నా ఒళ్లె ఉన్నది."

నేను గోనె లాగేశాను. చుట్టు మీద చుట్టు, బాలమణి చేతిపని, ఎంతకీ విడదు. ఖాజా భాయ్ వచ్చి ఒక కొస పట్టుకున్నాడు. నాలుగు నిమిషాలు తక్కువ నాలుగుకి ఐదో నంబరు బయటపడింది. బల్ల మీదున్న ఏడో నంబరును పలకరించింది. రెండు, మూడు సెకన్లు. టింగ్ మంది.

తెర మీద రివ్యూ సారు వేసిన మాట వచ్చింది: "కామారెడ్డి బెల్లం మర్చిపోవద్దని మా ఆవిడ చెప్పింది."

హోటల్లో వాళ్లు చప్పట్లు కొట్టారు, ఎందుకో చాలామందికి తెలియదు. రివ్యూ సారు తెర చూసి, గడియారం చూసి, నుదురు కొట్టుకున్నాడు. "అయ్యో, నిజంగానే మర్చిపోయాను!"

తర్వాత గొంతు సవరించుకుని అధికారి అయిపోయాడు. "బండ్ల మీద రావాల్సిన పెట్టె మనిషి ఒళ్లో వచ్చింది. పైగా గోనెసంచీలో. ఇది లెక్కలోకి వస్తుందా?"

నిజానికి ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. ఖాజా భాయ్ ముందుకొచ్చాడు.

"సార్, జర ఇనుండ్రి. మీ మాట అడ్డాల నా బండి ఎక్కింది. లింగంపేటల ఇరుసు ఇరిగిన పాల బండి పక్కన అర్ధగంట ఆపిన, ఊరోళ్లు దాన్ని నూకుతుంటే నేను సుత చెయ్యేసిన. గప్పుడు నా డబ్బా పాల డబ్బాకు ఇచ్చింది. మేడం అట్లనే రాసిందట కదా, ఆగినోనికి ఇయ్యమని. రెండో ట్రిప్పుకు మల్లొచ్చి చూస్తే గప్పటికి సుత పాల బండి నడవకుంటే గీ చెల్లె డబ్బా పట్కొచ్చింది. నేను లైను తప్పిచ్చుకొని వచ్చిన, ప్యాసింజర్‌ను ఎక్కియ్యలే, గీ అడ్డాల అడిగే వచ్చిన. మీరేసింది మీకు ముట్టింది. ఇంకేం లెక్క సార్?"

రివ్యూ సారు కాగితాల మీద ఏదో రాసుకున్నాడు. వెళ్తూ ఖాజా భాయ్ చేతిలో డబ్బు పెట్టి, "వీలైతే రెండు కిలోల బెల్లం పంపించవయ్యా" అన్నాడు, పెద్ద నమ్మకం లేని గొంతుతో. కారు వెళ్లిపోయింది.

నేను ల్యాప్‌టాప్‌ని ఖాజా భాయ్ వైపు తిప్పాను. ఆ రోజు వరసలో పాల ఆటో తర్వాత, రెండో స్థానంలో ఒకటో నంబరు ఉంది. ఆయన దగ్గరికొచ్చి దాన్ని చూశాడు. "రేపటి సంది మాత్రం జోరుగనే పోత మేడం. ప్యాసింజర్లు తిడ్తున్నరు" అన్నాడు. ముగ్గురం ఉన్నాం, టూ బై త్రీ చెప్పాను.

హైదరాబాద్: ఇంకో ఫోన్

ఆదివారం సాయంత్రం దాకా కబురు లేదు. అన్నయ్య నాకు తణుకు రైలు టికెట్ కూడా తీశాడు. ల్యాబ్‌లో పెట్టెలు తుడిచి సంచీలో సర్దుతున్నాను. ఐదో నంబరుకి తంబాకు వాసన పట్టేసింది, ఎంత తుడిచినా పోలేదు, ఏడుపొచ్చింది. అప్పుడు ఫోన్ మోగింది. రివ్యూ సారు.

"మీ ఏడాది గడువు మీద సంతకం మొన్ననే చేశానమ్మా. కాగితం రేపు మీ కాలేజీకి వస్తుంది. నేను ఫోన్ చేసింది దానికి కాదు."

నేను సంచీ కింద పెట్టి స్టూలు మీద కూర్చున్నాను. ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు.

"పొద్దున మా ఇంటికి బెల్లం వచ్చింది. తునికాకుల్లో చుట్టి ఉంది. ఎవరు తెచ్చారని వాచ్‌మన్‌ని అడిగితే పాలవాడు ఇచ్చాడన్నాడు. పాలవాణ్ని అడిగితే బస్సు కండక్టర్ ఎవరో ఇచ్చాడన్నాడు, పేరు తెలియదట. నేను ఖాజా భాయ్‌కి నా చిరునామా ఇవ్వలేదు. ఫోన్ నంబరూ ఇవ్వలేదు. అసలు నా పేరు కూడా చెప్పినట్టు గుర్తు లేదు. మీరేమైనా చెప్పారా?"

"లేదు సార్. మీ చిరునామా నాకూ తెలియదుగా."

"మరెలా వచ్చిందమ్మా ఇది?"

బల్ల మీద ఏడు పెట్టెలూ వరసగా ఉన్నాయి. వాటి వంక ఒకసారి చూశాను.

"తెలియదు సార్," అన్నాను. "ఏడాది ఇచ్చారుగా, కనుక్కుంటాను."